జలుబు అనుకున్న నాలుగేళ్లు

పోయిన ఆదివారం మా వీధి చివర మందుల షాపులో నిలబడి ఉన్నాను. నా ముందు ఒకావిడ, పక్కన ఏడెనిమిదేళ్ల బాబు. "వీడికి జలుబు తగ్గట్లేదండీ, కిందటిసారి ఇచ్చిన సిరపే ఇవ్వండి" అంది. షాపతను సీసా కవర్లో వేస్తూ, "రాత్రికి ఒక మూత పట్టండమ్మా, హాయిగా నిద్రపోతాడు" అన్నాడు. ఆ కాసేపట్లోనే బాబు అరచేత్తో ముక్కును కింది నుంచి పైకి నాలుగైదుసార్లు తోసుకున్నాడు. ముక్కు మీద, మెత్తటి భాగం మొదలయ్యే చోట, అడ్డంగా సన్నటి గీత ఉంది. కళ్ల కింద నలుపు. నోరు కొద్దిగా తెరిచే ఉంది.

ఆ గీత నాకు బాగా తెలుసు. మా అమ్మాయి ముక్కు మీద ఏళ్ల తరబడి చూశాను. అలా తోసుకుని తోసుకునే అది పడుతుంది. ఆ తోసుకోవడానికి డాక్టర్లు 'అలర్జిక్ సెల్యూట్' అని పేరు కూడా పెట్టుకున్నారు. నేను మాత్రం "అలా నలపకు, ముక్కు సాగిపోతుంది" అని కోప్పడేదాన్ని.

ముక్కూ మొహం తెలియని ఆవిడకు మందుల షాపులో ఏమని చెప్పాలో తెలియక ఊరుకున్నాను. ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు. ఆవిడకు చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను. ముక్కు అలర్జీ పిల్లల దగ్గర్నుంచి తీసుకుపోయేది కొంత ఉంటుంది. దాన్ని జలుబు అనుకుని మనం వాళ్ల చేతుల్లోంచి లాక్కునేది అంతకంటే ఎక్కువ. మా ఇంట్లో జరిగింది అదే.

మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అని జలుబు గురించి మనవాళ్లు అంటారు. జలుబుకైతే ఆ మాట నిజమే. వైరస్ వల్ల వస్తుంది, గడువు తీరాక పోతుంది. మా అమ్మాయికి ఐదో ఏట మొదలైంది ఏడు రోజుల్లో పోలేదు, ఏడు నెలల్లోనూ పోలేదు. జ్వరం ఉండేది కాదు. చీమిడి చిక్కబడకుండా నీళ్లలా కారేది. పొద్దున్న లేవగానే వరసపెట్టి పది పన్నెండు తుమ్ములు. కళ్లు దురద, అంగిలి దురద. నాలుకతో అంగిలిని గీరుకుంటూ ఒక వింత చప్పుడు చేసేది. పదింటికల్లా కాస్త సర్దుకునేది, మళ్లీ రాత్రి పక్క ఎక్కగానే ముక్కు దిబ్బడ. ఇవన్నీ ఒకచోట పెట్టి చూస్తే ఇది జలుబు కాదని తెలియాలి. మేం ఏ రోజుకారోజు చూశాం. ప్రతిసారీ అది కొత్త జలుబే అనుకున్నాం.

విచిత్రం ఏమిటంటే, దీనికి సరైన మాట మన ఇళ్లలోనే ఉంది. "పడదు" అంటాం. మా మామగారికి మిరపకాయల ఘాటు పడదు. కళ్లంలో కాయలు ఎత్తే రోజు ఆయన ఆ దరిదాపులకు వెళ్లరు, ఎవరూ వెళ్లమనరు. పెద్దవాళ్లకు పడనిది ఏమిటో ఇంటిల్లిపాదికీ తెలుసు. పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఆ మాట గుర్తుకు రాదు. జలుబు అనేస్తాం. జలుబు అనగానే మన చేతిలో ఉన్న జాబితా బయటికి వస్తుంది: పెరుగు వద్దు, అరటిపండు వద్దు, తలస్నానం వద్దు, వానలో తడవద్దు.

పెరుగు, అరటిపండు, వాన

మా అమ్మాయికి పెరుగన్నం ప్రాణం. రెండున్నర ఏళ్లు మాన్పించాం. చారన్నంతో లేచి, నేను మజ్జిగ పోసుకుంటుంటే గిన్నె వంక చూస్తూ నిలబడేది. నారింజ, జామకాయ, ద్రాక్ష, ఐస్‌క్రీం అన్నీ ఆపేశాం. పుట్టినరోజు ఫంక్షన్లలో "దానికి జలుబండీ, కేకు చాలు" అని నేనే చెప్పి ఐస్‌క్రీం కప్పు వెనక్కి ఇచ్చేసేదాన్ని. ఆదివారం తలంటు నెలకొకసారి అయింది. జుట్టు జిడ్డుగా ఉందని క్లాసులో ఎవరో అన్నారట. ఈత నేర్చుకుంటానంటే వద్దన్నాం. మూడో తరగతిలో కో ఖో టీంకి పేరిచ్చి వస్తే, మైదానంలో దుమ్ము అని చెప్పి మాన్పించింది మా ఆయన.

చివరికి అలర్జీ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆవిడ మొదట అడిగింది ఏమేం తింటుందని. జాబితా చెప్పాను, ఏమేం మాన్పించామో గర్వంగానే చెప్పాను. ఆవిడ అంతా విని, "ఇవి మానేసిన రెండున్నర ఏళ్లలో తుమ్ములు తగ్గాయామ్మా?" అని అడిగింది. లేదు. ఒక్క రోజు కూడా తగ్గలేదు. ఆ ప్రశ్న నన్ను నేనెందుకు అడగలేదో ఇప్పటికీ నాకు జవాబు దొరకలేదు.

పిల్లల్లో ఒక్క ముక్కుకే పరిమితమైన అలర్జీ తిండి వల్ల రావడం చాలా అరుదు. ఊపిరితో లోపలికి పోయేవే ఎక్కువగా కారణం. ముంజేతి మీద చుక్కలు వేసి సూదితో సన్నగా గుచ్చి, పావుగంట ఆగి చూసే పరీక్ష చేశారు. రెండు చోట్ల దద్దు లేచింది. ఒకటి డస్ట్ మైట్స్, అంటే పరుపుల్లో, దిండ్లలో మన ఒంటి నుంచి రాలే చర్మం పొట్టు తిని బతికే, కంటికి కనిపించని పురుగులు. రెండోది బొద్దింక. పెరుగుతో దానికి ఏ సంబంధమూ లేదు. ఆ సాయంత్రం అన్నంలో పెరుగు వేసి పెడితే, పిల్ల ముద్ద నోట్లో పెట్టుకునే ముందు నా మొహం చూసింది, నిజంగానే తినొచ్చా అన్నట్టు.

చలిగాలికో, చల్లటి నీళ్లకో కొందరు పిల్లలకు తుమ్ములు ఎక్కువవడం ఉంటుంది, కాదనను. కానీ ఒకటి మాన్పిస్తే, పదిహేను రోజులు చూసి, తేడా లేకపోతే తిరిగి పెట్టాలి కదా. మన జాబితాలోకి ఎక్కడమే గాని దిగడం ఉండదు.

నిద్ర ఖాతాలో రాయాల్సినవి

డాక్టరు తరవాత అడిగినవాటికి నా దగ్గర జవాబులు లేవు. రాత్రి ఎన్నిసార్లు లేస్తుంది? నోరు తెరుచుకుని పడుకుంటుందా? గురక ఉందా? వారంలో ఎన్ని రోజులు తుమ్ములు? బడిలో ఎలా ఉంటుంది? ఆడుతుందా? నేను జ్వరం ఎంతో చెప్పగలను, ఎన్ని ముద్దలు తిందో చెప్పగలను. ఇవి చెప్పలేను.

ఆ ప్రశ్నలు ఊరికే అడిగినవి కావని తరవాత చదివితే తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారంతో 2001లో ముక్కు అలర్జీ మీద 'ఏరియా' (ARIA) అనే మార్గదర్శకాలు తెచ్చారు. అందులో ఈ రోగం తీవ్రతను చీమిడి ఎంత కారిందన్నదాన్ని బట్టి లెక్కగట్టరు. నిద్ర చెడుతోందా, బడి చదువుకు అడ్డమవుతోందా, ఆటపాటలు తగ్గాయా, లక్షణాలు మనిషిని సతాయిస్తున్నాయా, ఇవే కొలతలు. వీటిలో ఒక్కటి ఉన్నా అది తేలికపాటిది కాదు. వారంలో నాలుగు రోజులకు మించి, నాలుగు వారాలకు మించి సాగితే అది విడవకుండా ఉన్నదని లెక్క. మా అమ్మాయికి అన్నీ ఉన్నాయి. మేం నాలుగేళ్లు "జలుబే కదా" అన్నాం.

డాక్టరు ఒక నోటుబుక్కు పెట్టమన్నారు. రాత్రి, బడి, ఆట, తుమ్ములు అని నాలుగు గడులు. మొదటి వారం నేను రాత్రి రెండింటికి, నాలుగింటికి అలారం పెట్టుకుని లేచి చూశాను. పిల్ల పక్క మీద ఒక చోట ఉండదు. దిండు కింద పడి ఉంటుంది. నోరు తెరిచి, గొంతు వెనక్కి వంచి ఊపిరి తీస్తుంది. మధ్యలో లేచి కూర్చుని, ముక్కు తుడుచుకుని, కళ్లు తెరవకుండానే మళ్లీ వాలిపోతుంది. పొద్దున్న అడిగితే "బాగా పడుకున్నాను" అంది. అబద్ధం కాదు. తనకు తెలిసిన నిద్ర అదే.

ఆ వారంలో నేను చాలా విషయాలు వెనక్కి తిరిగి చూసుకున్నాను. పేరెంట్స్ మీటింగులో టీచరు "ఫస్ట్ పీరియడ్‌లో ఆవలిస్తూ ఉంటుందండీ, ఇంట్లో టీవీ ఎక్కువ చూస్తుందా?" అన్నారు. మాటిమాటికీ బాత్రూంకి వెళ్తానంటుందని ఇంకో ఫిర్యాదు. వెళ్లేది ముక్కు కడుక్కోవడానికి. పొద్దున్నే చిరాకు, జడ వేస్తుంటే ఏడుపు, హోంవర్కు దగ్గర పావుగంటకే తల బల్ల మీద వాల్చడం. వీటన్నిటికీ మా దగ్గర ఒకే మాట ఉండేది: బద్ధకం. మా పెద్దవాడు చురుకు, చిన్నది బద్ధకం అని చుట్టాలకు కూడా చెప్పేవాళ్లం. ఆమె ముందే చెప్పేవాళ్లం. పిల్ల కూడా తన గురించి అదే అనుకోవడం మొదలుపెట్టింది. నిద్ర ఖాతాలో రాయాల్సింది స్వభావం ఖాతాలో రాశాం.

చదువు సంగతికి వస్తే, బ్రిటన్‌లో 2007లో అచ్చయిన ఒక అధ్యయనం నన్ను చాలా ఆలోచింపజేసింది. 15 నుంచి 17 ఏళ్ల మధ్య ఉన్న 1,834 మంది విద్యార్థుల చలికాలపు మోడల్ పరీక్షల గ్రేడ్లను, పుప్పొడి కాలంలో రాసిన అసలు పరీక్షల గ్రేడ్లతో పోల్చారు. పరీక్షల రోజుల్లో ముక్కు అలర్జీతో బాధపడినవాళ్లకు గ్రేడు పడిపోయే అవకాశం మిగతావాళ్ల కంటే 40 శాతం ఎక్కువ. మత్తు తెప్పించే అలర్జీ మందు వాడినవాళ్లకైతే 70 శాతం ఎక్కువ. అక్కడి పుప్పొడి వేరు, మన ఇళ్లలోని దుమ్ము వేరు, ఆ అంకెలు మన పిల్లలకు అచ్చంగా సరిపోతాయని నేను అనను. కానీ ఆ రెండో అంకె చూడండి. మందుల షాపులో "హాయిగా నిద్రపోతాడు" అని ఇచ్చే సిరపుల్లో ఎక్కువగా ఉండేది క్లోర్‌ఫెనిరమిన్. అదీ మత్తు తెప్పించే రకమే. ఆ మత్తు పొద్దున్న బడిగంటతో దిగిపోదు. క్లోర్‌ఫెనిరమిన్, ముక్కు దిబ్బడకు ఇచ్చే ఫినైలెఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని మన దేశపు ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో చెప్పింది కూడా. మా ఇంట్లో ఆ సీసా ఫ్రిజ్ తలుపులో ఏళ్ల తరబడి ఉంది.

తుమ్ము

ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. రాయకపోతే నేను చెప్పదలచుకున్నది సగమే అవుతుంది.

మా అత్తగారి ఊరు తెనాలి దగ్గర. సంక్రాంతికి వెళ్లినప్పుడు మామగారు ఏదో పని మీద గుంటూరు బయలుదేరుతున్నారు. చెప్పులు వేసుకున్నారు. వసారాలో పిల్ల ఒక్క తుమ్ము తుమ్మింది. ఆయన ఏమీ అనలేదు, చెప్పులు విప్పి, లోపలికొచ్చి, గ్లాసుడు మంచినీళ్లు తాగి కుర్చీలో కూర్చున్నారు. అత్తగారు మాత్రం "బయలుదేరేటప్పుడే రావాలా నీకు, లోపలికి పోవే" అంది. కోపంగా కూడా కాదు, మామూలుగా అంది. మన ఇళ్లలో తరతరాలుగా అనే మాటే.

మర్నాడు మా ఆయన, మా పెద్దవాడు బండి తీస్తున్నారు. పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. చూస్తుండగానే రెండు వేళ్లతో ముక్కు గట్టిగా నొక్కేసుకుని, కళ్లు మూసుకుని, ఒళ్లంతా కుదించుకుంది. తుమ్మును లోపలే దిగమింగింది. బండి మలుపు తిరిగాక చెయ్యి తీసి, గోడవైపు తిరిగి వరసగా తుమ్మింది. అది ఎప్పటినుంచి అలవాటు చేసుకుందో నాకు తెలియదు. రోజుకు ముప్పై సార్లు తుమ్మే పిల్లకు తుమ్ము అపశకునం అని చెప్తే, తనే ఒక అపశకునం అని అర్థం చేసుకోదా?

బడిలో ఇంకో రకం. 'చీమిడి' అని పేరు పెట్టారు. బ్యాగు పక్క జేబులో రెండు చేతిరుమాళ్లు ఉండేవి, ఒకటి పొడిది చూపించడానికి, ఒకటి తడిది దాచుకోవడానికి. కోవిడ్ తరవాత తుమ్మే పిల్ల పక్కన కూర్చోవద్దని పెద్దవాళ్లే పిల్లలకు చెప్పి పంపారు. అంటుకునేది కాదని చెప్పడానికి మాకే తెలియదు కదా, మేం జలుబనే అనుకుంటున్నాం.

1998లో ఎలిజబెత్ జునిపర్ బృందం 6 నుంచి 12 ఏళ్ల పిల్లల కోసం ఒక ప్రశ్నపత్రం తయారుచేసింది. 23 ప్రశ్నలు, పిల్లలే జవాబు చెప్పాలి. ముక్కు, కళ్ల బాధలతో పాటు రుమాలు వెంట పెట్టుకు తిరగాల్సి రావడం, మాటిమాటికీ ముక్కు రుద్దుకోవాల్సి రావడం, మందు వేసుకోవాల్సి రావడం ఎంత ఇబ్బందిగా ఉందో కూడా అడుగుతారు. రుమాలు ఒక బాధ అని నాకు ఎన్నడూ తట్టలేదు. అడిగితే తప్ప పిల్లలు చెప్పరు. ఇంటిల్లిపాదీ విసుక్కునే బాధను ఏ పిల్లయినా ఏమని చెప్పుకుంటుంది?

"మా కాలంలో ఇవన్నీ లేవు"

అత్తగారు ఈ మాట అన్నప్పుడు మొదట్లో విసుక్కున్నాను. ఇప్పుడు విసుక్కోను. ఆమె మాటలో పస ఉంది. డేవిడ్ స్ట్రాకన్ అనే శాస్త్రవేత్త 1989లో ఇలాంటి మాటే అన్నాడు. 1958లో పుట్టిన 17,414 మంది బ్రిటిష్ పిల్లల వివరాలు చూస్తే, అన్నలూ అక్కలూ ఎక్కువమంది ఉన్న ఇళ్లలో పిల్లలకు ముక్కు అలర్జీ తక్కువగా కనిపించింది. పసితనంలో ఒకరి నుంచి ఒకరికి అంటుకునే చిన్నా చితకా జబ్బులే కాపాడాయేమో అని ఆయన ఊహ. దాని మీద ఇప్పటికీ వాదాలున్నాయి. పశువులతో, మట్టితో కలిసి పెరిగిన పిల్లల్లో అలర్జీలు తక్కువని తరవాత చాలాచోట్ల చూశారు.

కాబట్టి అత్తగారి కాలంలో ఈ రోగం తక్కువే అయ్యుండొచ్చు. కానీ తొమ్మిదేళ్ల పిల్లకు ఇప్పుడు ఉన్నదాని సంగతి ఏమిటి? అలర్జీ వచ్చాక మట్టిలో ఆడిస్తే పోదు. ఆమె చెప్పేదే ఇంకొకటి నాకు బాగా పనికొచ్చింది. పరుపులు ఎండలో వేయడం. ఎండకు, పొడిదనానికి ఆ పురుగులు బతకవు. మేం అపార్ట్‌మెంట్‌లోకి వచ్చాక ఐదేళ్లలో పరుపు ఒక్కసారి కూడా ఎండ చూడలేదు.

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అయితే అలర్జీలు తెప్పిస్తున్నాయని గేటు పక్క ఉన్న కోనోకార్పస్ చెట్లు కొట్టేయాలని పెద్ద చర్చ. విశాఖలో ఏడాకుల పాల చెట్లు పూసే రోజుల్లో ఇలాంటి గొడవే. చెట్ల మీద అనుమానం ఉంటే తేల్చుకోవాల్సిందే. నాకు అభ్యంతరం లేదు. కానీ మా పిల్ల రాత్రంతా మొహం పెట్టి పడుకునేది దిండు మీద. సాయంత్రం దోమల కాయిల్ వెలిగించింది నేను. చిన్నప్పుడు తలంటి సాంబ్రాణి పొగ వేసింది మేము. సంక్రాంతి ముందు బూజు దులిపేటప్పుడు పిల్లను అదే గదిలో ఉంచిందీ మేమే. చెట్టును కొట్టడం తేలిక. అది బయట ఉంది.

ముక్కులో కొట్టే మందు

డాక్టరు స్ప్రే రాసి, అందులో స్టెరాయిడ్ ఉంటుందని చెప్పారు. మా ఆయన ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని మూడు వారాలు కొనలేదు. ఆయన్ని తప్పు పట్టను. స్టెరాయిడ్ అంటే నాకూ భయమే. పిల్ల పొడుగు పెరగదేమో, అలవాటు పడిపోతుందేమో అని ఎంత టెన్షన్ పడ్డామో. మళ్లీ వెళ్లి అవే అడిగాం. కొత్త రకం స్ప్రేల్లో మందు ముక్కు పొర మీదే పనిచేస్తుంది, రక్తంలోకి పోయేది చాలా కొద్ది. రెండేళ్లు దాటిన పిల్లలకు వాడదగినవీ ఉన్నాయి. ఎత్తు మాత్రం అప్పుడప్పుడూ కొలిచి చూసుకోవాలి. అలవాటయ్యేది ఇది కాదు, మందుల షాపులో అడిగితే ఇచ్చే దిబ్బడ చుక్కలు. వాటిని నాలుగైదు రోజులకు మించి వాడితే అవే దిబ్బడ తెప్పిస్తాయి.

రోజూ రాత్రి వేసుకునే, మాంటెలుకాస్ట్ అనే అలర్జీ మందు కలిసిన మాత్ర అంతకుముందు మా పిల్ల ఏడాది వాడింది. దానితో కొందరిలో పీడకలలు, మూడ్ మార్పులు వస్తాయని, మామూలు ముక్కు అలర్జీకి వేరే మందులు పనిచేయనప్పుడే వాడాలని అమెరికా ఔషధ సంస్థ 2020లో గట్టి హెచ్చరిక పెట్టింది. మా అమ్మాయికి ఆ ఇబ్బంది రాలేదు. కానీ ఆ మాట మాకెవరూ చెప్పలేదు. స్టెరాయిడ్ అన్న పేరుకు భయపడి, పేరు వినని మాత్రను నిశ్చింతగా మింగించాం.

స్ప్రే వెంటనే పని చేయదు. మొదటి వారం ఏ తేడా లేక ఆపేద్దామనుకున్నాం. కొట్టడం కూడా తప్పుగా కొట్టాం, తల వెనక్కి వంచి, నడిమి గోడకేసి. తల కొద్దిగా ముందుకు వంచి, నాజిల్ మొన బయటివైపు, చెవికేసి ఉండాలి. పదకొండో రోజు రాత్రి వంటింట్లో పప్పుచారు పోపు పెడుతుంటే పిల్ల వచ్చి గుమ్మంలో ఆగింది. "అమ్మా, ఇదేం వాసన?" అంది. ఇంగువ. పుట్టినప్పటి నుంచి మా ఇంట్లో వారానికి ఐదు రోజులు వేసే ఇంగువ. స్టవ్ కట్టేసి డబ్బా చేతికిచ్చాను. మూత తీసి, మొహం చిట్లించి, మళ్లీ వాసన చూసింది.

అంతా నయమైపోయిందని చెప్పను. నెల రోజుల కిందట వాన ముసురు పట్టినప్పుడు మళ్లీ రెండు రాత్రులు దిబ్బడ. స్ప్రే, దిండు కవర్లు, వారంవారం వేడినీళ్లలో దుప్పట్లు, ఇవన్నీ డబ్బుతో, తీరికతో కూడిన పనులు, అందరి ఇళ్లలో కుదరవు. ఊడ్చే పని బడి మొదలయ్యే ముందు కాకుండా సాయంత్రం పెట్టమని టీచరును అడిగాను. ఒప్పుకున్నారు. ఒక్క పైసా ఖర్చులేని పని అది.

మామగారు ఇప్పటికీ తుమ్ముకు ఆగుతారు. డెబ్భై రెండేళ్ల అలవాటు. కానీ పోయినసారి నీళ్లు తాగి కూర్చున్నప్పుడు, పిల్లను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని "చిరంజీవ" అన్నారు. తను ఇంకో రెండు తుమ్మింది.

నోటుబుక్కు ఇప్పుడు తనే రాస్తోంది. నేను రాసే రోజుల్లో ఆట గడి ఎప్పుడూ ఖాళీ. నిన్నటి పేజీలో ఇలా ఉంది: "రాత్రి – లేవలేదు. బడి – లెక్కల్లో నిద్ర రాలేదు. తుమ్ములు – 6. ఆట – కో ఖో. ఇద్దర్ని అవుట్ చేశాను. మోకాలు గీరుకుంది, అమ్మకు చెప్పలేదు."